బల్బు పెట్టి చూశావా?

ఇంటి నుంచి,
వానలు మొదలైన వారం

తమ్ముడూ,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా డిపోలో ఇంజన్ల మోత, ఏమీ వినపడటం లేదక్కా అని పెట్టేస్తావు. ఈ పది నెలల్లో నువ్వు నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక కార్డు కూడా నిండదు. అందుకని కాగితం పట్టుకున్నాను. కాగితానికి ఇంజన్ మోత అడ్డం రాదు కదా.

తిన్నావా, పడుకున్నావా అన్నవి తర్వాత అడుగుతాను. ముందు ఒక రిపేరు సంగతి. మీ బావ కారుకి డెంటింగు మేస్త్రీ డోరూ బానెట్టూ సరిచేసి తెచ్చి షెడ్డులో పెట్టి ఆరు నెలలయింది. అప్పటినుంచి దాన్ని ఎవరూ తీయలేదు. ఇప్పుడు నీ మేనకోడలికి లైసెన్సు వచ్చింది. వచ్చే నెల కాక ఆపై నెల ఒకటో తారీఖున ఉద్యోగంలో చేరుతోంది, కొండ అవతల. రోజూ నాన్న కారులోనే వెళ్లి వస్తానంటోంది. వద్దంటే వినే రకం కాదు, అది ఎవరి కూతురో నీకు తెలుసు.

సంగతేమిటంటే, రోజూ సాయంత్రం ఆరూ నలభైకి ఆ కారులో టిక్కుమని చప్పుడు వస్తోంది. ఒక్కసారే. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, కారులో ఎవరూ ఉండరు. మొదటి రోజు బల్లి అనుకున్నాను. నాలుగో రోజు గడియారం పట్టుకుని వెళ్లి, బానెట్ ఎత్తి నిలబడ్డాను. ఫ్యూజుల డబ్బాలోంచే. హెడ్‌లైట్ల రిలే మీద వేలు పెట్టి ఉంచాను. సరిగ్గా ఆ వేళకి అది వేలి కింద కదిలింది.

ఆరూ నలభై ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. పోలీసుల కాగితంలో రాసిన వేళ అదే.

పిల్లకి చెప్పలేదు. రిలే పాడయిందో లేదో ఎలా చూడాలో వివరంగా రాయి. ఈ వీధిలో మెకానిక్కులు లేక కాదు. నాకు నీ చెవి కావాలి. మీ బావ నిన్ను చెవులపిల్లి అని ఊరికే అనేవారా?

అక్క


డిపో వెనక గది నుంచి,
నీ ఉత్తరం అందిన మర్నాడు

అక్కా,

నువ్వు గడియారం పట్టుకుని బానెట్ కింద తలపెట్టి నిలబడ్డావంటే ఆ దృశ్యం తలుచుకుని నవ్వొచ్చింది. ఎవరైనా చూస్తే, పాపం మొగుడు పోయాక మెకానిక్కు పని మొదలుపెట్టింది అనుకుంటారు. కాస్త జాగ్రత్త.

భయపడాల్సింది ఏమీ లేదు. వానాకాలం, తేమ, అంతే. అయినా అడిగావు గనక చెబుతున్నాను. రిలే అంటే ఆఫీసులో బంట్రోతు లాంటిది. తనంతట తాను ఏదీ చెయ్యదు. నువ్వు స్విచ్ వేస్తే చిన్న కరెంటు వెళ్లి దాన్ని లేపుతుంది. అది లేచి, లైట్లకి వెళ్లే పెద్ద కరెంటుకి తలుపు తీస్తుంది. లేచేటప్పుడు వచ్చే చప్పుడే ఆ టిక్కు. ఎవరో ఒకరు పిలవనిదే అది లేవదు. తడిసిన వైరు కూడా పిలవగలదు, దానికి దెయ్యాలూ భూతాలూ అక్కర్లేదు.

పరీక్ష చాలా తేలిక. హెడ్‌లైట్ల రిలే పక్కనే హారన్ రిలే ఉంటుంది. చూడటానికి రెండూ కవలలు. రెండూ పీకి తారుమారు చెయ్యి. చప్పుడు కూడా రిలేతోపాటు కొత్త చోటికి వెళ్లిందా, తప్పు రిలేది. పాత చోటే ఉండిపోయిందా, రిలే మంచిదే, అక్కడికి ఎక్కడినుంచో పిలుపు వస్తోందన్నమాట. నా లెక్క ప్రకారం పాత చోటే ఉంటుంది. అది కొత్త రిలే, దాంట్లో దోషం ఉండే అవకాశం లేదు. వైరు ఆరబెట్టిస్తే సరి.

ఇంకో మాట. ఆ కారు అమ్మేయరాదూ? పిల్లకి చిన్న బండి ఏదైనా నేను చూసి పెడతాను. ఇక్కడ డిపోలో బస్సులకి వైరింగు చేసి చేసి నా వేళ్లే వైర్లలా అయ్యాయి. మిగతా అంతా బాగానే ఉంది.

తమ్ముడు


ఇంటి నుంచి,
వాన తెరిపిచ్చిన రోజు

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే రెండూ పీకి తారుమారు చేశాను. గోరు విరిగింది. సాయంత్రం చెవి పెట్టాను. చప్పుడు హారన్ చోటుకి వెళ్లింది. అంటే నీ లెక్క ప్రకారం తప్పు రిలేదే.

నువ్వు అది కొత్త రిలే అని రాశావు. కొత్తదని నీకెందుకనిపించిందో నాకు తెలియదు. కొత్తది కాదు. చేతిలోకి తీసుకుని వెలుగులో చూశాను. ఒక మూల ఆకురాయితో గీసిన గాటు ఉంది. మీ బావ గాటు.

ఆ గాటు సంగతి నువ్వు మరిచిపోయి ఉండవు. పాత బండ్లలోంచి తీసిన రిలేలన్నీ ఆయన ఒక రేకు డబ్బాలో వేసేవారు. అందులోంచి ఒకటి తీస్తే, బల్ల మీద బ్యాటరీకి కలిపి, బల్బు తగిలించి, అది వెలిగాకే మూల మీద గాటు గీసేవారు. గాటు లేని పాత రిలే ఏ బండికీ ఎక్కేది కాదు. ఎవరు ఎంత తొందరపెట్టినా అంతే. నువ్వు చెవి దగ్గర పెట్టుకుని టిక్కుమంది బావా, బాగుంది అంటే, "చెవులపిల్లీ, బల్బు పెట్టి చూశావా?" అనేవారు. అని, నువ్వు జవాబు చెప్పేదాకా స్క్రూడ్రైవర్ పిడితో బల్ల మీద తడుతూ నిలబడేవారు. నాకు వంటింట్లోకి వినపడేది.

పిల్ల సంగతి అడగలేదు నువ్వు. నేనే చెబుతాను. అది పైకి బాగానే ఉంటుంది. వానలకి ముందు ఒకనాడు షెడ్డులో కారు తుడుస్తూ కూర్చుని, "అమ్మా, ఆ రోజు పొద్దున నన్ను పరీక్షకి దింపడానికి నాన్న నాలుగింటికే లేచాడు. నేను బస్సులో వెళ్లి ఉంటే ఆయనకి కునుకు పట్టేది కాదు" అంది. పోలీసుల కాగితంలో డ్రైవర్ నిద్రలోకి జారడం వల్ల అని ఉంది కదా. ఆ ఒక్క వాక్యం అది బట్టీ పట్టేసింది. ఆయన నిద్రపోయే మనిషి కాదని చెప్పినా నమ్మదు.

అక్క


డిపో నుంచి,
హడావిడిలో

అక్కా,

గాటు సరిగ్గా చూశావా? అచ్చులో అంచు విరిగినా గాటులాగే కనిపిస్తుంది. మళ్లీ చూడు.

చూసి, అది పారేయి. పరీక్షలేమీ వద్దు. బ్యాటరీ వైరు ఊడదీసి పెట్టు. పిల్లని మాత్రం ఆ కారు ఎక్కనివ్వకు. నా మాట విను. కొత్త రిలే కొని పోస్టులో పంపుతున్నాను, ఎవరైనా మంచి మేస్త్రీ చేత వేయించు.

ఎక్కువ రాయడానికి టైము లేదు.

తమ్ముడు


ఇంటి నుంచి,
నువ్వు పంపిన పార్సిలు అందిన రోజు

తమ్ముడూ,

ఏడు లైన్ల ఉత్తరం రాయడానికి నీకు పన్నెండు రోజులు పట్టింది. అందులో ఎందుకు అన్న మాట ఒక్కటీ లేదు. పారేయి, ఎక్కనివ్వకు, ఊడదీయి. చిన్నప్పుడు కప్పు పగలగొట్టి ముక్కలు మంచం కింద తోసి, నన్ను ఆ గదిలోకి రావద్దనేవాడివి, గుర్తుందా?

మళ్లీ చూశాను. గాటే. బ్యాటరీ వైరు ఊడదీశాను. చప్పుడు ఆగలేదు. రిలేని పీకి తెచ్చి వంటింటి అలమరలో, గ్లాసుల పక్కన పెట్టాను. దానికిప్పుడు ఏ వైరూ లేదు. ఆరూ నలభైకి గ్లాసుల మధ్యనుంచి టిక్కుమంది. పిల్ల ఎదురుగానే కూర్చుని చదువుకుంటోంది. తల ఎత్తలేదు. దానికి వినపడలేదో, వినపడనట్టు ఉందో తెలియదు.

నువ్వు వద్దన్నావని పరీక్ష మానలేదు. మీ బావ బల్ల మీద దుమ్ము తుడిచి, ఆయన బల్బు, ఆయన క్లిప్పులు తీశాను. రిలేకి నాలుగు కాళ్లు. రెండు దాన్ని లేపడానికి, రెండు కరెంటు దాటడానికి. లేపే రెంటికీ బ్యాటరీ తగిలించాను, దాటే దారిలో బల్బు పెట్టాను. ఇరవై ఏళ్లు టీ కప్పు పట్టుకుని పక్కన నిలబడి చూసినదాన్ని, నాకు ఆమాత్రం రాదా?

పదిసార్లు పెట్టి తీశాను. పదిసార్లూ టిక్కుమంది, చక్కగా, నీలాంటి చెవి మెచ్చుకునేలా. బల్బు మాత్రం నాలుగుసార్లే వెలిగింది.

టిక్కు వచ్చి వెలుగు రాకపోతే ఏమిటి అర్థం? నువ్వు రాసిన బంట్రోతు లేచాడు, తలుపు తీయలేదు. సాయంత్రం, కొండ మలుపులో, లైట్లు వేసుకుని వెళుతున్న కారులో అలా జరిగితే ఏమవుతుంది? ఆ మనిషి నిద్రపోనక్కర్లేదు కదా?

బల్బు వెలగకుండా మీ బావ గాటు గీయరు. ఇది గాటు ఉన్న రిలే. ఇది ఎలా జరిగిందో నాకు నువ్వు చెప్పాలి. ఒకటో తారీఖుకి ఇంకా పధ్నాలుగు రోజులుంది.

అక్క


డిపో వెనక గది నుంచి,
సెలవు పెట్టిన రోజు

అక్కా,

మూడుసార్లు రాసి చింపాను. ఇది చింపకుండా పోస్టులో వేయాలని గది తలుపు గడియ వేసి కూర్చుని రాస్తున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం బావ కారులో లైట్ల రిలే కాలిపోయింది. కొండ అవతల ఎవరిదో లారీ ఆగిపోయిందని కబురు వచ్చింది, చీకటి పడేలోపు వెళ్లిరావాలని తొందర. విడిభాగాల కొట్టు ఆ రోజు మూసి ఉంది. రేకు డబ్బాలోంచి ఒకటి చూసి ఇవ్వరా అన్నాడు. బల్ల మీద బల్బు వేరే పనిలో ఉంది, ఒక బస్సు వైరింగుకి తగిలించి ఉంది. దాన్ని విప్పి మళ్లీ తగిలించాలంటే పది నిమిషాలు. నేను రిలేని బ్యాటరీకి ఆనించి చెవి దగ్గర పెట్టుకున్నాను. టిక్కుమంది. నా చెవి మీద నాకు అంత నమ్మకం.

బావ చేతులు తుడుచుకుంటూ వచ్చి అడిగాడు, బల్బు పెట్టి చూశావా అని. చూశాను బావా అన్నాను.

అదే అక్కా. అంతే జరిగింది. నా మాట నమ్మి, తాను చూడకుండానే ఆకురాయి తీసి గాటు గీశాడు. అన్నేళ్లలో ఆయన వేరే మనిషి మాట మీద గీసిన గాటు అదొక్కటే. నాకు అప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది.

మర్నాడు కారు లాక్కొచ్చి షెడ్డులో పెట్టినప్పుడు నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. పోలీసులు చూసి వెళ్లారు. నేను బానెట్ సందులోంచి చెయ్యి పెట్టి ఆ రిలే పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. కొట్టుకి పరిగెత్తి కొత్తది కొని తెచ్చి ఆ చోటులో పెట్టాను. అందుకే నీకు కొత్తది అని రాశాను. వారం తర్వాత ఇక్కడికి వచ్చేశాను. జేబులో ఉన్నదాన్ని చూడటానికి కూడా ధైర్యం చాలక, గుడ్డలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టి మంచం కింద తోశాను. మంచం కింద తోయడం నువ్వు అన్నట్టు నాకు చిన్నప్పటి అలవాటే.

పిల్ల ఆ పొద్దుటి సంగతి తలుచుకుంటోందని నువ్వు రాసిన ముక్క మళ్లీ మళ్లీ చదివాను. తప్పు దానిది కాదు. బావదీ కాదు. ఆయన కళ్లు తెరుచుకునే ఉన్నాయి, ఎదుట దారే కనిపించలేదు.

ఇక మిగతాది. నువ్వు నమ్మకపోయినా రాయక తప్పదు. నీ మొదటి ఉత్తరం రావడానికి నెల ముందునుంచే నాకు వినపడుతోంది. మంచం కింద, డబ్బాలోంచి, ఆరూ నలభైకి. నీకు ఒక టిక్కు. నాకు రెండు. ఒకటి, కాస్త ఆగి, ఇంకొకటి. షిఫ్టు మార్పించుకుని ఆ వేళకి డిపోలోనే ఉండటం మొదలుపెట్టాను. సెలవు రోజున తప్పేది కాదు. నీ ఉత్తరంలో ఆ వేళ చదివిన రాత్రి గదిలో ఉండలేక డిపో బస్సులో పడుకున్నాను. నవ్వొచ్చిందని రాశాను కదా, అది పచ్చి అబద్ధం.

గాటు ఉన్నది నీ దగ్గర ఉందని రాసినప్పుడు మాత్రం మతిపోయింది. అది ఇక్కడ కదా ఉండాలి. డబ్బా విప్పలేకపోయాను, ఆ నాలుగు ముక్కలు రాయడానికి పన్నెండు రోజులు పట్టింది అందుకే. నిన్న విప్పాను. గుడ్డలో ఉన్నది గాటు లేని రిలే. నేను కొని కారులో పెట్టిన కొత్తది. పాతది నా గదిలోంచి నీ షెడ్డులోకి నడిచి వెళ్లిందా అక్కా? ఎవరు తీసుకెళ్లారు?

ఇది రాస్తుండగానే మళ్లీ వినపడింది. రెండుసార్లు.

తమ్ముడు


ఇంటి నుంచి,
ఒకటో తారీఖుకి మూడు రోజుల ముందు

తమ్ముడూ,

ఎవరూ నడిచి వెళ్లలేదు. తీసుకెళ్లింది నేను.

ఆయన పోయిన అయిదో రోజు, మేకుకున్న నీ చొక్కా ఉతుకుదామని జేబులు తడిమాను. గాటు ఉన్న రిలే దొరికింది. వెళ్లి కారులో చూస్తే ఆ చోటులో గాటు లేని కొత్తది మెరుస్తోంది. అప్పుడే ఆ బల్ల మీద బల్బు పెట్టి చూశాను. పదిసార్లకి నాలుగు, నీకు రాసిన లెక్క ఆనాటిదే. పాతదాన్ని కారులో పెట్టి, కొత్తదాన్ని నీ జేబులో వేసి, చొక్కా మళ్లీ మేకుకే తగిలించాను. నువ్వు చెప్పే తారుమారు పరీక్ష నేను నీకంటే ముందే చేశాను. నువ్వు జేబు తడిమి చూసుకుంటావని, నా దగ్గరికి వచ్చి నోరు విప్పుతావని అనుకున్నాను. నువ్వు చూసుకోలేదు. బస్సెక్కి వెళ్లిపోయావు. కారు తాళంచెవి ఆ రోజునుంచి నా దగ్గరే ఉంది, పిల్ల చేతికి ఇవ్వలేదు. ఎవరికీ చెప్పలేదు. నా తోడబుట్టినవాడిని నేనే పట్టి ఇవ్వడం నావల్ల కాలేదు. నువ్వే చెప్పాలని పది నెలలు ఎదురుచూశాను.

పిల్ల ఆ పొద్దుటి మాట అన్న రోజున ఇక ఆగలేకపోయాను. నీతో రిపేరు గురించి తప్ప ఇంకేం మాట్లాడినా దాటేస్తావు. అందుకని ఒక రిపేరు పుట్టించాను.

నీ మీద కోపం ఉంది, దాచను. బల్బు విప్పడానికి పది నిమిషాలు నీకు ఎక్కువైనందుకు కాదు, అలాంటి పొరపాటు ఎవరైనా చేస్తారు. పిల్ల తన మీద వేసుకుంటుంటే నువ్వు నిజాన్ని పది నెలలు మంచం కింద తోసినందుకు. అయినా నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఆయన నిద్రపోలేదని నాకు తెలుసు, ఆ మాట ఇంకొకరు రాయగా చదవడం ఇదే మొదటిసారి.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా చదువు. వేలి కింద కదలడం, హారన్ చోటుకి వెళ్లడం, గ్లాసుల మధ్య మోగడం, అన్నీ నేను కల్పించినవే. ఆరూ నలభై పోలీసుల కాగితంలోంచి తీసుకున్నాను. గాటు ఉన్న ఆ పాడు రిలే పది నెలలుగా ఇక్కడ నోరు మెదపలేదు. ఇప్పుడూ అలమరలో గ్లాసుల పక్కన ఉంది. నీ ఉత్తరం వచ్చాక, వినపడుతుందేమోనని మూడు సాయంత్రాలు దాని ఎదురుగా కూర్చున్నాను. ఏమీ లేదు.

నీ దగ్గర ఉన్నది మంచి రిలే. దాన్నీ ఆ రోజే పదిసార్లు చూశాను, పదిసార్లూ బల్బు వెలిగింది. తప్పు రిలేది అయితే చప్పుడు ఇక్కడ ఉండాలి. అది నీ దగ్గర ఉంది. మంచి రిలే పిలుపు వస్తేనే లేస్తుందని రాసింది నువ్వే.

రెండుసార్లు అన్నావు. ఒకటి, కాస్త ఆగి, ఇంకొకటి. నేను రాసింది ఒక్కటే, రెండు అన్న మాట నా ఉత్తరాల్లో ఎక్కడా లేదు. మీ బావ బల్ల మీద స్క్రూడ్రైవర్ పిడితో సరిగ్గా అలాగే రెండు తట్టేవారని మన ఇద్దరికీ తెలుసు. నీ జవాబు కోసం అలాగే కదా నిలబడేవారు. ఒకసారి నువ్వు చెప్పిన జవాబు నమ్మి వెళ్లారు.

ఇది అందగానే సెలవు పెట్టి దొరికిన బండికి బయల్దేరు. ఆ డబ్బా తీసుకురా. ఆరు గంటలకల్లా ఇంట్లో ఉండు. పిల్లని ఆయన బల్ల దగ్గర కూర్చోబెడతాను, నేనూ కూర్చుంటాను. డబ్బా బల్ల మీద పెట్టు. ఆయన అడిగినప్పుడు, చూడలేదు బావా అని పిల్లకి వినపడేలా చెప్పు.

అక్క